లిండన్ జాన్సన్ గొప్ప అధ్యక్షుడా, కాదా? ఏడో తరగతి ప్రాజెక్టుకి నా జవాబు

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటున్నారు. ఏడో తరగతి చదివే మీ పాపకి బడిలో, 1963 నుంచి 1969 దాకా అమెరికా అధ్యక్షుడిగా ఉన్న జాన్సన్ మీద, "లిండన్ జాన్సన్ గొప్ప అధ్యక్షుడా, కాదా" అని ప్రాజెక్టు ఇచ్చారు. ఒక పుస్తకం ఆయన్ని నల్లజాతివారికి ఓటు ఇప్పించిన మహానుభావుడంటోంది. ఇంకో పుస్తకం వియత్నాంలో వేలమందిని బలిపెట్టినవాడంటోంది. ఏదో ఒకటి తేల్చమని టీచరు అన్నారు. ఏం రాయించాలి అని అడిగారు.

రెండూ రాయమనండి. కానీ రెండింటికీ సగటు తీయొద్దని గట్టిగా చెప్పండి. మంచిలోంచి చెడుని తీసేసి, మిగిలినదే ఆయన విలువ అనే లెక్క జాన్సన్ దగ్గర చెల్లదు. లాభపడినవాళ్లు వేరు, నష్టపోయినవాళ్లు వేరు. అలబామాలో మొదటిసారి ఓటేసిన ముసలమ్మ పేరున జమ చేసి, వియత్నాంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి పేరున ఖర్చు రాసి, ఆ రెండింటినీ కొట్టేసి నిల్వ తేల్చడం కుదరదు. టీచరు ఒకే వాక్యం కావాలంటే ఇలా రాయమనండి: "జాన్సన్ తన దేశంలోని బలహీనులకి చాలా చేశాడు, వియత్నాంలో ఘోరమైన తప్పు చేశాడు, రెండింటినీ ఒకే వేసవిలో, ఒకే నేర్పుతో చేశాడు."

నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరయ్యాను. అమెరికా చరిత్ర పేపరు ఎక్కువగా నాకే ఇచ్చేవారు. వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లి, ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలో కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ఏడాదికి కొన్ని నెలలు టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటాను కాబట్టి జాన్సన్ పుట్టి, పెరిగి, పోయిన ఊళ్లు తీరిగ్గా చూశాను.

మీ పాప ప్రాజెక్టుకి జీవిత చరిత్ర మొత్తం అక్కర్లేదు. పది రోజులు చాలు: 1965 జులై 28 నుంచి ఆగస్టు 6 వరకు.

జులై 28, బుధవారం. మధ్యాహ్నం విలేకరుల సమావేశంలో జాన్సన్ ఒక ప్రకటన చేశాడు. వియత్నాంలో ఉన్న 75,000 మంది సైన్యాన్ని 1,25,000కి పెంచుతున్నాం, సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే కుర్రాళ్ల సంఖ్యని నెలకి 17,000 నుంచి 35,000కి పెంచుతున్నాం అని. యుద్ధాన్ని మరో మెట్టు ఎక్కించే నిర్ణయమిది. అయినా చట్టసభ ఎదుట నిలబడి చెప్పలేదు. రాత్రి పూట దేశమంతా టీవీల ముందు కూర్చునే వేళ ఎంచుకోలేదు. రిజర్వు దళాలని పిలవలేదు. సుప్రీంకోర్టుకి ఏబ్ ఫోర్టస్‌ని జడ్జిగా ప్రతిపాదిస్తున్నానన్న వార్త కూడా అదే సమావేశంలో చెప్పాడు.

జులై 30, శుక్రవారం. మిస్సోరీ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరికి వెళ్లి, మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పక్కన కూర్చుని మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. 65 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా అది. ట్రూమన్ తన కాలంలో ఆరోగ్య బీమా కోసం పోరాడి ఓడిపోయాడు కాబట్టి మొదటి కార్డు ఆయనకే ఇచ్చాడు.

ఆగస్టు 6, శుక్రవారం. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనంలో ఓటు హక్కు చట్టం మీద సంతకం. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లని అక్షరాస్యత పరీక్షల పేరుతో ఓటరు జాబితాకి దూరంగా పెట్టే పద్ధతిని ఆ చట్టం దెబ్బతీసింది. మిసిసిపీలో నల్లజాతి వయోజనుల్లో ఓటరుగా నమోదైనవాళ్లు అంతకుముందు 6.7 శాతం, 1967 నాటికి 59.8 శాతం. క్లాసులో ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి కాసేపు ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. పిల్లలు వాటికేసి చూస్తూ ఉండిపోయేవారు.

ఈ మూడు రోజులకీ లోపల ముడి ఉంది. యుద్ధం గురించి బాహాటంగా చెప్పి, డబ్బు అడిగి, రిజర్వులని పిలిస్తే చట్టసభలో చర్చంతా వియత్నాం మీదకి మళ్లుతుందని, మెడికేర్, ఓటు హక్కు బిల్లులు అక్కడే ఆగిపోతాయని జాన్సన్ భయం. సైన్యాన్ని పంపకుండా వెనక్కి తగ్గి, దక్షిణ వియత్నాం కమ్యూనిస్టుల చేతికి పోయినా ప్రమాదమే అనుకున్నాడు. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి పోయినప్పుడు "చైనాని పోగొట్టింది నువ్వే" అని ట్రూమన్‌ని ప్రతిపక్షం ఎలా వేటాడిందో దగ్గరుండి చూసినవాడు. అందుకని మధ్యేమార్గం వెతికాడు: యుద్ధం చెయ్యాలి, కానీ యుద్ధంలా కనపడకూడదు. విదేశాంగ శాఖలో జార్జ్ బాల్ అనే అధికారి ఇది గెలిచే యుద్ధం కాదని మొహం మీదే చెప్పాడు. జాన్సన్ విన్నాడు. పాటించలేదు.

ముసలివాళ్ల మందుల కోసం, నల్లవాళ్ల ఓటు కోసం ఆయన వాడిన నేర్పూ అదే. ఎవరికి ఏది ఎప్పుడు ఎంతవరకు చెప్పాలో, ఎవరిని బుజ్జగించాలో, ఎవరిని బెదిరించాలో ఆయనకి తెలిసినంతగా వాషింగ్టన్‌లో ఇంకొకరికి తెలియదు. జాతి వివక్షని నిషేధించే 1964 పౌరహక్కుల బిల్లుని దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ప్రసంగాలు సాగదీస్తూ అడ్డుకున్నారు. జూన్ 10న 71–29 ఓట్లతో ఆ అడ్డు తొలగింది. దాని వెనక ఆయన ఫోన్లు, మంతనాలు లెక్కలేనన్ని. బిల్లు గెలిపించడానికి ఆ గుట్టుతనం బాగా పనికొచ్చింది. అదే గుట్టుతనంతో యుద్ధం నడపబోతే దేశం ఆయన మాట నమ్మడం మానేసింది. మీ పాప ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ప్రాజెక్టు నిలబడుతుంది.

ఇక ఆయన మనసులో నిజంగా పేదల మీద ప్రేమ ఉందా, అంతా ఓట్ల కోసమేనా అన్నది. మా విద్యార్థులు ఏటా అడిగేవారు. నేను కొటుల్లా కథ చెప్పేవాణ్ణి. 1908లో టెక్సాస్ కొండప్రాంతంలో, స్టోన్‌వాల్ దగ్గర పుట్టాడు. తండ్రి శాసనసభ్యుడే కానీ వ్యవసాయంలో చితికిపోయాడు. జాన్సన్ కాలేజీ చదువు మధ్యలో, డబ్బు కోసం 1928లో మెక్సికో సరిహద్దు వైపున్న కొటుల్లా అనే ఊళ్లో టీచరుగా చేరాడు. అందరూ మెక్సికన్ కూలీల పిల్లలు. చాలామంది ఖాళీ కడుపుతో బడికొచ్చేవారు. మొదటి జీతంలోంచి పిల్లలకి ఆట సామాను కొన్నాడు. ముప్ఫై ఏడేళ్ల తర్వాత, అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు అడిగినవాళ్లని పోలీసులు చితకబాదిన వారానికి, 1965 మార్చి 15న చట్టసభలో మాట్లాడుతూ ఆ పిల్లల్నే తలచుకున్నాడు. వాళ్ల పిల్లలకి సాయం చేసే అవకాశం నాకొస్తుందని కలలో కూడా అనుకోలేదు, వచ్చింది, వాడుకుంటాను అన్నాడు. ఉద్యమకారుల పాటలోని "మనం జయిస్తాం" అనే మాట అధ్యక్షుడి నోట పలికింది ఆ రాత్రే.

దీనితో ఆయన్ని పుట్టుకతో పుణ్యాత్ముణ్ణి చేసేయకండి. 1937లో చట్టసభకి వెళ్లింది మొదలు ఇరవై ఏళ్లపాటు పౌరహక్కుల బిల్లులు వచ్చిన ప్రతిసారీ వ్యతిరేకంగానే ఓటేశాడు. 1948లో సెనేట్ టికెట్ కోసం పార్టీ లోపల జరిగిన ఎన్నికలో 87 ఓట్ల తేడాతో గెలిచాడు. ఆలిస్ అనే ఊళ్లోని 13వ నంబరు పెట్టెలో ఆఖరి నిమిషంలో ఓట్లు పుట్టుకొచ్చాయన్న మచ్చ ఇప్పటికీ పోలేదు. ఏడో తరగతి పిల్లకి ఇది చెప్పాలా అని మీకు అనిపించవచ్చు. చెప్పండి. ఓటు దొంగిలించాడన్న మాట పడ్డ మనిషే లక్షలమందికి ఓటు ఇప్పించాడంటే, పిల్లలు మనం అనుకునేకన్నా బాగా అర్థం చేసుకుంటారు.

నా అభిప్రాయం మారిన సందర్భం ఒకటి ఉంది. మొదట్లో నేను జాన్సన్‌ని ఒక పీరియడ్‌లో ముగించేవాణ్ణి, వియత్నాం ఊబిలో దేశాన్ని దింపిన అధ్యక్షుడని. పరిస్థితి తెలియని మొండివాడని నోట్సులో రాయించాను కూడా. జాన్సన్ తన ఫోన్ సంభాషణలు టేపు చేయించేవాడు. తాను పోయాక యాభై ఏళ్లు వాటిని తెరవొద్దన్నాడు. ఆస్టిన్‌లోని ఆయన లైబ్రరీవాళ్లు 1993 నుంచే వాటిని తెరవడం మొదలుపెట్టారు. 1964 మే 27 నాటి సంభాషణ విన్నాక నా నోట్సు తప్పని తెలిసింది. జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడుతున్నాడు. రాత్రంతా వియత్నాం గురించే ఆలోచిస్తూ పడుకోలేదన్నాడు. దీనికోసం పోరాడటం దండగ అనిపిస్తోంది, అలాగని బయటపడే దారీ కనపడటం లేదు అన్నాడు. పొద్దున తన పనులు చూసే సార్జెంటుని చూశానని, అతనికి ఆరుగురు చిన్నపిల్లలని, అలాంటివాణ్ణి ఎందుకోసం అక్కడికి పంపాలని అడిగాడు.

అప్పటికి వియత్నాంలో ఉన్నది పదహారు వేల మంది అమెరికన్ సైనికులే. 1968కి ఐదు లక్షలు దాటారు. వాషింగ్టన్‌లోని స్మారక గోడ మీద 58,000కు పైగా పేర్లున్నాయి. అందులో ఆయన తర్వాత నిక్సన్ కాలంలో పోయినవాళ్లూ ఉన్నారు. వియత్నాం వైపు చనిపోయినవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్ల పేర్లు ఆ గోడ మీద లేవు. తెలియక పంపించాడనుకున్నప్పుడు ఆయన మీద నాకు కోపమే ఉండేది. తెలిసీ పంపించాడని ఆ టేపు చెప్పింది. అది కోపం కన్నా బరువైన సంగతి. తప్పు ఏమాత్రం తగ్గదు. కానీ ఆ గొంతు విన్నాక ఆయన్ని మొండివాడని రాయించడం నావల్ల కాలేదు. తర్వాతి ఏడాది నోట్సు మార్చాను.

మన వైపు నుంచి రెండు విషయాలు. తెలుగింటి పిల్ల రాసే ప్రాజెక్టులో ఇవి ఉంటే దానికి అందమే వేరు. వేరే పిల్లలు రాయలేరు.

ఒకటి, గోధుమలు. 1965, 66లలో వరసగా వానలు లేవు. బీహారులో కరువు. ఐసెన్‌హోవర్ కాలంలో 1954లో వచ్చిన పి.ఎల్. 480 అనే చట్టం కింద అమెరికా మనకి ధాన్యం పంపేది. 1966లో ఒక్క ఏడాదిలో మనం దిగుమతి చేసుకున్న తిండిగింజలు సుమారు కోటి టన్నులు. నాకప్పుడు పదేళ్లు. కంట్రోలు షాపులో బియ్యం బదులు ఎర్ర గోధుమలు ఇచ్చేవారు. మా అమ్మకి చపాతీ చేయడం రాదు, మర పట్టించి నూకతో ఉప్మా చేసేది. ఆ ఓడలు రావాలా వద్దా అని వాషింగ్టన్‌లో కూర్చుని నెలనెలా తేల్చింది జాన్సనే అని నాకు తెలిసింది పీజీలో. ఏడాదికి సరిపడా ఒప్పందం చేసుకోకుండా తాడు బిగించి పట్టుకున్నాడు. వ్యవసాయం మీద ఇండియా డబ్బు పెట్టాలన్నది ఒక కారణం. వియత్నాంలో బాంబులు ఆపమని ఇండియా అంటుండటం ఆయనకి కంటగింపు కావడం రెండో కారణం. 1966 జులైలో ఇందిరాగాంధీ మాస్కోలో సోవియట్ నాయకులతో కలిసి అదే కోరాక ఆ బిగింపు ఇంకా పెరిగింది. ఆ గోధుమలు లక్షలమంది ప్రాణాలు నిలిపాయి. ఆకలితో ఉన్న దేశాన్ని ఓడ కోసం ఎదురుచూసేలా చేసిన అవమానమూ నిజం. మన సాగు మారడానికి ఆ ఒత్తిడి కొంత కారణమని చెప్పేవాళ్లున్నారు. నేను కొంతవరకే ఒప్పుకుంటాను. మన శాస్త్రవేత్తలు, సుబ్రహ్మణ్యం గారి వ్యవసాయ శాఖ అప్పటికే ఆ దారిలో ఉన్నారు.

రెండోది, మీరు ఈరోజు ఆస్టిన్‌లో ఉండటం. అంతకుముందు చట్టం ప్రకారం ఇండియా నుంచి ఏడాదికి స్థిరపడటానికి రానిచ్చేది 100 మందిని. అదీ 1946లో ట్రూమన్ సంతకం చేసిన చట్టం దయ. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేసి, పుట్టిన దేశాన్ని బట్టి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అనే కోటాని ఎత్తేశాడు. ఆ రోజు ఆయన అన్న మాట: ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలమంది జీవితాల్ని మార్చేదీ కాదు అని. ఆ జోస్యం పూర్తిగా తప్పింది. యూరప్‌వాళ్లే ఎక్కువ వస్తారనుకున్న చట్టసభ రక్తసంబంధీకులకి పెద్దపీట వేసింది. తీరా ఆ తలుపులోంచి ఆసియా వచ్చింది. మెడికేర్‌తో ఆసుపత్రులు పెరిగాయి, డాక్టర్లు కావలసి వచ్చారు. గుంటూరు, విశాఖ, హైదరాబాదు మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు విమానం ఎక్కారు. మా ఊరి నుంచి మొదట అమెరికా వెళ్లిన డాక్టరుగారు అలా వెళ్లినవారే.

ఆ ఆసుపత్రుల గురించి ఇంకొక్క మాట. దక్షిణాదిలో అప్పటిదాకా తెల్లవాళ్లకి ఒక వార్డు, నల్లవాళ్లకి ఇంకో వార్డు. మెడికేర్ డబ్బు కావాలంటే ఆ గోడ తీసేయాలని ప్రభుత్వం షరతు పెట్టింది. ఎన్నో ఆసుపత్రుల్లో కొద్ది నెలల్లోనే ఆ విభజన పోయింది. ఓటు హక్కు గురించి అందరూ రాస్తారు, ఇది ఎవరూ రాయరు. రాయించండి.

మళ్లీ వలసల సంగతికి వస్తే, ఆ 1965 వలస చట్టమే ఇండియా ఉన్న తూర్పు అర్ధగోళంలో ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 అని గీత గీసింది. అది రూపం మారి, 1990 చట్టంతో 7 శాతం పరిమితిగా ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపులు ఉంటే దాని వేరు అక్కడుంది.

చరిత్రకారులు ఇచ్చే ర్యాంకుల గురించి జాగ్రత్త. పిల్లలు మొదట వెతికేది అవే. సి-స్పాన్ అనే చానల్ చరిత్రకారుల్ని అడిగి వేసే జాబితాలో జాన్సన్ 2000 నుంచి 2021 దాకా 10, 11 స్థానాల మధ్యే ఉన్నాడు. అది చూసి "గొప్ప అధ్యక్షుడే" అని రాసేస్తే ఆ అంకె వెనక వియత్నాం మునిగిపోతుంది. నేను మొదట వద్దన్న సగటు ఇదే. పైగా ర్యాంకులు కదులుతుంటాయి. అదే జాబితాలో, 1869 నుంచి 1877 దాకా అధ్యక్షుడిగా ఉన్న గ్రాంట్ 2000లో 33వ స్థానంలో ఉండి, 2021కి 20కి వచ్చాడు. ఆయన పోయి అప్పటికి వందేళ్లు దాటింది, కొత్తగా చేసిందేమీ లేదు. విడుదలైన బానిసల్ని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల హింసాముఠా నుంచి కాపాడటానికి గ్రాంట్ తెచ్చిన చట్టాలని, 1960ల పౌరహక్కుల ఉద్యమం తర్వాతి తరం కొత్త కళ్లతో చూసింది, అంతే. ట్రూమన్‌ని 1952లో మెచ్చుకున్నది జనంలో 22 శాతమే. ఇప్పుడాయన మొదటి పదిలో ఉంటాడు. జాన్సన్ విషయంలో కథ వెనక్కీ నడవచ్చు. ఓటు హక్కు చట్టంలో ముఖ్యమైన భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనిచేయకుండా చేసింది.

ఎలా చేయించాలో చెబుతాను. మీరు ఆస్టిన్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక శనివారం జాన్సన్ లైబ్రరీకి తీసుకెళ్లండి. లోపల ఎర్ర పెట్టెల్లో ఆయన కాగితాలు అంతస్తుల మీద అంతస్తులుగా అద్దం వెనక కనిపిస్తాయి. ఫోన్లు పెట్టి ఉంటారు, ఎత్తి చెవికి పెట్టుకుంటే ఆయన గొంతు వినొచ్చు. పాపని ముందు ఏమీ చెప్పకుండా విననివ్వండి. నేను చెప్పిన మే 27 టేపు అక్కడ దొరక్కపోయినా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది.

ఆదివారం స్టోన్‌వాల్ వెళ్లండి, కారులో గంటన్నర లోపే. ఆయన నాలుగేళ్ల వయసులో వెళ్లిన ఒంటిగది బడి ఉంది. 1965 ఏప్రిల్‌లో పేదపిల్లల బడులకి డబ్బిచ్చే చట్టం మీద ఆ బడి దగ్గరే, తనకి అక్షరాలు నేర్పిన టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు. అక్కడికి దగ్గర్లోనే పెడర్నాలిస్ ఏటి ఒడ్డున ఓక్ చెట్ల కింద కుటుంబ శ్మశానం, అందులో ఆయన సమాధి. 1968 మార్చి 31న ఇక పోటీ చేయనని చెప్పి, పదవి దిగి ఇక్కడికే వచ్చేశాడు. 1973 జనవరి 22న, 64 ఏళ్లకి, ఇక్కడున్న తన ఇంట్లోనే గుండెపోటుతో పోయాడు. అమెరికా వియత్నాం నుంచి బయటపడే పారిస్ ఒప్పందం మీద సంతకాలు అయిదు రోజుల తర్వాత, జనవరి 27న జరిగాయి.

ప్రాజెక్టు అట్ట మీద మూడు తేదీలే పెట్టమనండి: జులై 28, జులై 30, ఆగస్టు 6. ఒక్కోదాని కింద ఆ రోజు ఎవరి బతుకు మారిందో ఒక మనిషిని ఊహించి నాలుగు వాక్యాలు. సైన్యంలోకి పిలుపొచ్చిన కుర్రాడు, ఆసుపత్రి బిల్లుకి భయపడే తాత, ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్లిన ఆమె. వియత్నాం పల్లెలో ఉన్న నాలుగో మనిషిని మరిచిపోవద్దని చెప్పండి. రాశాక ఇక్కడ పెడితే తేదీలు, అంకెలు నేను సరిచూస్తాను.